మళ్ళీ వస్తానన్న సమరయుడు, తిరిగి చూడని మన సంఘం

ఆ ఫోటో మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. తల్లి ఒడిలో పసిబిడ్డ. ఒంటికి మించిన తల, నుదుటి మీద ఉబ్బిన నరాలు, కిందికి వాలిపోయిన కనుగుడ్లు. కింద నాలుగు మాటలు: ఈ బిడ్డ కోసం ప్రార్థించండి, ఆపరేషన్‌కు సహాయం చేయండి, ఆమెన్ అని పెట్టి పదిమందికి పంపండి. మనం ఆమెన్ పెట్టాం. పదిమందికి పంపాం. కొందరం ఐదొందలో వెయ్యో ఫోన్‌పే చేశాం. ఆదివారం ప్రత్యేక కానుక పట్టాం. ఆపరేషన్ అయింది. బిడ్డను ఆరాధనకు ఎత్తుకొచ్చి తల్లి సాక్ష్యం చెప్పింది. మనం చప్పట్లు కొట్టాం.

తర్వాత ఆ బిడ్డ ఏమైంది?

ఎంతమందిమి అడిగాం? మాకు తెలిసిన ఒక బిడ్డ సంగతి చెబుతాం. పేరు చెప్పం, ఊరూ చెప్పం. తండ్రి కర్ణాటకలోని ఒక పట్టణంలో చెత్త బండి మీద కాంట్రాక్టు పని చేస్తాడు. తాతల నాడు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. బిడ్డకు ఐదో నెలలో తలలో నీరు చేరిందని షంట్ వేశారు. రెండున్నరేళ్లప్పుడు ఒక సాయంత్రం వాంతులు మొదలయ్యాయి. మొదటి రోజు వీధి క్లినిక్‌లో అజీర్తి అన్నారు. రెండో రోజు బిడ్డ తల పట్టుకుని ఏడ్చి, మత్తుగా పడుకుంది. నాయనమ్మ దిష్టి తీసింది. మూడో రోజు సంఘ పెద్దలు వెళ్లి నూనె రాసి ప్రార్థన చేశారు. "ఆ పైపు వల్లేమో అయ్యగారూ" అని తల్లి అడిగింది. "దేవుడు ఒకసారి బాగుచేసిన బిడ్డమ్మా, అపనమ్మకం వద్దు" అన్నారు. నాలుగో రోజు ఫిట్స్ వచ్చాయి. అప్పుడు బస్సెక్కారు. పైపు మూసుకుపోయిందని మళ్ళీ ఆపరేషన్ చేశారు. బిడ్డ బతికింది. చూపు మాత్రం తిరిగి రాలేదు.

మొదటి ఆపరేషన్ తర్వాత ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితం ఆ ఇంట్లో ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. వాంతులు, తలనొప్పి, మత్తు కనబడితే ఆలస్యం చేయకుండా రమ్మని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఇంగ్లిషులో. ఆ ఇంట్లో దాన్ని చదవగలిగినవాళ్లు లేరు. సంఘంలో ఉన్నారు. ముగ్గురు ఇంజనీరింగ్ విద్యార్థులు, ఒక నర్సు. వాళ్లెవరూ ఆ కాగితం అడిగి చూడలేదు.

ఆ సంఘం మాదే. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం.

అసలు ఆ పైపు ఏమిటి?

మన మెదడు లోపల చిన్న చిన్న గదులున్నాయి. వాటిలో నీరులాంటి ద్రవం నిరంతరం ఊరుతుంది. పెద్దవాళ్లలో రోజుకు దాదాపు అర లీటరు ఊరుతుంది. కానీ ఏ సమయంలో చూసినా లోపల ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే. అంటే పాత నీరు రక్తంలోకి ఇంకిపోతూ, కొత్త నీరు వస్తూ రోజుకు మూడుసార్లు మారుతుంది. దారి మూసుకుపోయినా, ఇంకే పని మందగించినా నీరు లోపలే పేరుకుంటుంది. దీన్నే వైద్యులు హైడ్రోసెఫలస్ అంటారు. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి తల పెరుగుతుంది. పెద్ద పిల్లల్లో తల పెరిగే వీలు లేదు. ఒత్తిడంతా మెదడు మీదా, కంటి నరాల మీదా పడుతుంది.

కారణాలు అనేకం. కొందరికి పుట్టుకతోనే దారి ఇరుకు. కొందరికి వెన్నెముక సరిగా మూసుకోకపోవడంతో పాటు వస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో మెదడు గదుల్లో రక్తస్రావం వల్ల వస్తుంది. పురిటిలో సోకిన ఇన్‌ఫెక్షన్, మెదడు పొరల వాపు, టీబీ, గడ్డలు కూడా కారణాలే. ఈ జాబితాలో తల్లి శాపం లేదు. గ్రహణం లేదు. అమ్మమ్మ చేసిన పాపం లేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ రెండింటినీ తోసిపుచ్చాడని యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం మీద మనం ఏడాదికి రెండుసార్లు ప్రసంగం వింటాం. విని బయటికి వచ్చి, ఆ తల్లిని చూసి గుసగుసలాడతాం.

షంట్ అంటే ఆ నీటికి వేసే పక్కదారి. మెదడు గదిలో ఒక సన్నని గొట్టం, చెవి వెనక చర్మం కింద ఒక వాల్వు, అక్కడి నుంచి మెడ, ఛాతీల మీదుగా చర్మం కిందే కడుపులోకి మరో గొట్టం. ఒత్తిడి పెరిగినప్పుడు వాల్వు తెరుచుకుని నీటిని కిందికి వదులుతుంది, తిరిగి పైకి పోనివ్వదు. కడుపు కుహరం ఆ నీటిని పీల్చుకుంటుంది. బిడ్డ పొడుగు పెరుగుతుంది కనుక కడుపులో గొట్టాన్ని ముందే కాస్త ఎక్కువ వదులుతారు. దీన్ని వీపీ షంట్ అంటారు. పిల్లలకు ఎక్కువగా వేసేది ఇదే.

కడుపులో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, పేగులు అతుక్కుపోయినా అక్కడికి వదలడం కుదరదు. అప్పుడు మెడ సిర ద్వారా గుండె కుడి గదిలోకి వదులుతారు. అది వీఏ షంట్. బిడ్డ పెరిగేకొద్దీ గొట్టం పొట్టి అయిపోతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తే రక్తంలోకే చేరుతుంది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలోకి వదిలే పద్ధతి ఉంది. చిన్న పిల్లల్లో అక్కడ నీరు త్వరగా ఇంకక ఆయాసం వచ్చే ప్రమాదం ఉంది. నడుము దగ్గర వెన్ను నుంచి కడుపులోకి వేసే షంట్ కొన్ని రకాల జబ్బుకే పనికొస్తుంది. రెండు కిలోలైనా లేని నెలతక్కువ బిడ్డకు వెంటనే పూర్తి షంట్ వేయరు. తల చర్మం కింద చిన్న తిత్తి అమర్చి సూదితో నీరు తీస్తూ బిడ్డ బరువు పెరిగేదాకా ఆగుతారు. నీటిలో చీము ఉంటే, అది పోయేదాకా బయటి సంచిలోకి వదులుతారు.

గొట్టమే లేని దారి ఇంకొకటి ఉంది. సన్నని దుర్బీను గొట్టంతో మెదడు లోపలికి వెళ్లి, మూడో గది అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి సొంత దారి తెరుస్తారు. ఆసుపత్రిలో దీన్ని ఈటీవీ అంటారు. అది మనం చూసే టీవీ ఛానెల్ కాదని ముందే చెబుతున్నాం, ఎందుకంటే ఆ మాట విని నవ్వి ఊరుకున్న తండ్రులు ఉన్నారు. ఇది అందరికీ పనిచేయదు. నీటిదారి ఒకచోట మూసుకుపోయిన పెద్ద పిల్లల్లో బాగా పనిచేస్తుంది. ఆరు నెలల లోపు శిశువుల్లో, ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చిన జబ్బులో విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

ఏ బిడ్డకు ఏది అన్నది వైద్యుడు తేల్చాల్సిన విషయం. ఆ నిర్ణయం వైపు కుటుంబాన్ని తోసేవాళ్లు, దాని నుంచి పక్కకు లాగేవాళ్లు చెప్పే అబద్ధాలను పట్టుకోవడం మాత్రం మన పని. అవి మూడు.

మొదటి అబద్ధం: కత్తి పెట్టిస్తే విశ్వాసం లేనట్టు

కొన్ని కూటాల్లో ఇప్పటికీ ఈ మాట వినబడుతోంది. ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన పూర్తయ్యేదాకా ఆగండి, నీరు దానంతట అదే ఇంకిపోతుంది అంటారు. ఉపవాసం మాకూ తెలుసు, మేమూ చేస్తాం. కానీ పసిబిడ్డ తల మన క్యాలెండర్ కోసం ఆగదు. ఒత్తిడి ఉన్న ప్రతి వారమూ మెదడు నలుగుతుంది. ఒకసారి పోయిన చూపును, పలుచబడ్డ మెదడును షంట్ వెనక్కి తేలేదు. మందు మాత్రలతో నీరు తగ్గిస్తామనేవాళ్ల సంగతీ అంతే. రక్తస్రావం వల్ల తలలో నీరు చేరిన నెలతక్కువ బిడ్డలకు ఆ మందులు ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 1998లో వచ్చాయి. మేలు జరగకపోగా కీడు కనబడింది.

భారతదేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగం ఎక్కడ మొదలైందో మన యవనస్థుల్లో ఎందరికి తెలుసు? 1949లో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, డాక్టర్ జాకబ్ చాందీ చేతుల మీదుగా. ఈ దేశంలో మెదడుకు ఆపరేషన్ చేసే విద్య ఒక విశ్వాసి చేతుల మీదుగా ఒక విభాగంగా నిలబడింది. కత్తి విశ్వాసానికి శత్రువు అనే బోధ మన చరిత్రకే ద్రోహం. ఆ బోధ చేసేవాళ్లు తమ సొంత కంటిశుక్లానికి ఏ దేవదూత దగ్గరికి వెళ్లారో కూడా మేము చూశాం.

రెండో అబద్ధం: ఖరీదైనదే మంచిది

ఈ అబద్ధం ఆసుపత్రి వరండాలో పుడుతుంది. మన దేశపు షంట్ వేస్తే గ్యారంటీ లేదు, విదేశీ వాల్వు వేయిస్తే బిడ్డ జీవితాంతం హాయిగా ఉంటుంది అని ఎవరో చెబుతారు. తండ్రి బైకు అమ్ముతాడు. తల్లి పుస్తెల తాడు తాకట్టు పెడుతుంది. వడ్డీ వ్యాపారి నోటు రాయించుకుంటాడు.

రుజువులు ఏమంటున్నాయి? ఉత్తర అమెరికా, యూరప్ ఆసుపత్రుల్లో 344 మంది పిల్లలకు మూడు వేర్వేరు రకాల వాల్వులు వేసి పోల్చిన పరీక్ష ఫలితాలు 1998లో వచ్చాయి. వాటిలో రెండు అప్పటి కొత్త రకం డిజైన్లు. మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏ వాల్వు వేసినా దాదాపు 40 శాతం మందిలో ఏడాది తిరక్కుండానే షంట్ చెడింది. 2005లో ఉగాండా నుంచి ఇంకా సూటైన జవాబు వచ్చింది. 195 మంది పిల్లల్లో కొందరికి మన ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్, మిగతావారికి పేరున్న విదేశీ షంట్ వేశారు. మొదటిదాని ధర సుమారు 35 డాలర్లు, రెండోదాని ధర సుమారు 650 డాలర్లు. ఏడాది తర్వాత చూస్తే ఇన్‌ఫెక్షన్‌లో, పనితీరులో, ప్రాణాలు నిలబడటంలో తేడా తేలలేదు. 18 రెట్ల ధరకు బిడ్డకు ఏ లాభమూ అదనంగా రాలేదు. అంత ధర పెట్టినా దక్కనిదాని కోసం మనవాళ్లు తాకట్టు కొట్టు మెట్లెక్కుతున్నారు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఖరీదైనవన్నీ మోసం అని మేము అనడం లేదు. బయటి నుంచి అయస్కాంతంతో ఒత్తిడి మార్చగల వాల్వు కొందరు పిల్లలకు నిజంగా అవసరమవుతుంది. అయితే కొన్ని రకాల్లో ఎమ్మారై స్కాన్ తీశాక ఆ అమరిక చెదిరిందేమో చూపించుకోవాలి, ఆ సౌకర్యం దగ్గర్లో ఉండాలి. యాంటీబయాటిక్ కలిపిన గొట్టాల మీద బ్రిటన్, ఐర్లండ్‌లలో 1605 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. మామూలు గొట్టాల్లో 6 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ వస్తే, వీటిలో 2 శాతం మందికే వచ్చింది. అలాంటి మేలు రుజువైన చోట అది ధనవంతుల బిడ్డకే ఎందుకు, ప్రభుత్వ ఆసుపత్రిలో పేద బిడ్డకు ఎందుకు లేదని అడగాలి. రుజువు లేని చోట అప్పు చేయించేవాణ్ణి నిలదీయాలి. రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీనివల్ల మా బిడ్డకు అదనంగా ఏం మేలు, దానికి రుజువేది?

షంట్ చరిత్రలో మనకు సిగ్గు తెప్పించే కథలున్నాయి. 1950లలో అమెరికాలో జాన్ హోల్టర్ అనే యంత్రాల పనివాడు ఈ జబ్బుతో పుట్టిన తన కొడుకు కోసం వాల్వు తయారు చేశాడు. 1960 డిసెంబరులో న్యూయార్క్‌లో రచయిత రోల్డ్ డాల్ పసికొడుకు ఉన్న బండిని టాక్సీ గుద్దింది. తలలో నీరు చేరి, షంట్ పదే పదే మూసుకుపోతుంటే డాల్, బొమ్మ విమానాలకు చిన్న పంపులు చేసే స్టాన్లీ వేడ్, శస్త్రవైద్యుడు కెన్నెత్ టిల్ కలిసి 1962 నాటికి కొత్త వాల్వు తయారు చేశారు. ముగ్గురూ దానిమీద లాభం తీసుకోకూడదని నిశ్చయించుకున్నారు. తమ ఇంటికి వచ్చిన కష్టాన్ని వాళ్లు ఊరందరికీ మేలుగా మార్చారు. మనం ఊరివాళ్ల కష్టాన్ని ఫార్వర్డ్ చేసి ఊరుకుంటున్నాం.

మూడో అబద్ధం: ఆపరేషన్ అయింది, పని అయిపోయింది

మూడింటిలోకీ ఇదే ప్రమాదకరం, ఎందుకంటే ఇది చెప్పేది మనమే. ఏడాదిలో పదింట నాలుగు షంట్లు చెడతాయి. రెండేళ్లకు దాదాపు సగం. అంటే షంట్ వేయించుకున్న బిడ్డకు రెండో ఆపరేషన్ దురదృష్టం కాదు, ముందే లెక్కలో ఉంచుకోవాల్సిన ఖర్చు. మన కానుకల పట్టీలో ఆ లెక్క ఎప్పుడైనా రాశామా?

ఉగాండా సంగతి ఇక్కడే మళ్ళీ చెప్పాలి. బెంజమిన్ వార్ఫ్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు 2000లో కుటుంబంతో సహా ఎంబాలే పట్టణానికి వెళ్లాడు, అక్కడ క్రైస్తవ సేవాసంస్థ కట్టిన క్యూర్ పిల్లల ఆసుపత్రిలో పనిచేయడానికి. అక్కడి శిశువుల్లో సగానికి పైగా పసితనంలో సోకిన ఇన్‌ఫెక్షన్ వల్ల జబ్బు తెచ్చుకున్నవాళ్లే. షంట్లు వేసి పంపించేయవచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. కానీ ఆయన ఇంకో ప్రశ్న వేసుకున్నాడు: ఈ షంట్ ఊరిలో, రాత్రిపూట, రోడ్డు లేనిచోట మూసుకుపోతే ఈ తల్లి ఏం చేస్తుంది? ఆ ప్రశ్న నుంచే దుర్బీనుతో దారి తెరవడంతో పాటు, నీరు ఊరే కణజాలాన్ని కొంత కాల్చివేసే పద్ధతిని శిశువుల్లో విస్తృతంగా వాడాడు. ఏడాదిలోపు శిశువుల్లో దారి తెరవడం ఒక్కటే చేస్తే 47 శాతం మందికి, రెండూ కలిపి చేస్తే 66 శాతం మందికి ఫలించిందని 2005లో ప్రకటించాడు. ఇన్‌ఫెక్షన్ తర్వాత జబ్బు వచ్చిన 100 మంది శిశువుల్లో షంట్‌నూ ఈ పద్ధతినీ పోల్చిన పరీక్ష 2017లో వెలువడింది. ఏడాదికి పిల్లల బుద్ధి వికాసంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాంటప్పుడు, జీవితాంతం గొట్టం మీద ఆధారపడాలా వద్దా అన్నది ఆసుపత్రికి ఎంత దూరంలో ఉన్నామన్న దానితో కూడా ముడిపడిన ప్రశ్న. ఇంత సూక్ష్మమైన పద్ధతి ఒక పేద దేశపు చిన్న పట్టణంలో నిలబడింది. మన జిల్లా కేంద్రాల్లో ఎందుకు నిలబడదు?

ఇంకో దృశ్యం గుర్తు చేసుకోండి. 2013లో త్రిపురకు చెందిన ఒక పాప ఫోటో ప్రపంచమంతా తిరిగింది. తల చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. తండ్రి ఇటుక బట్టీ కూలీ. ఫోటో చూసి విరాళాలు వచ్చాయి, ఢిల్లీ దగ్గర పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్లు జరిగాయి, తల గణనీయంగా తగ్గింది. 2017లో ఆ పాప చనిపోయింది. వైద్యం చేసినవాళ్లనూ, దానం ఇచ్చినవాళ్లనూ మేము తప్పుపట్టడం లేదు. కానీ ఒక బిడ్డ తల 94 సెంటీమీటర్లు అయ్యేదాకా ఎవరూ టేపు పట్టుకుని ఆ గడప తొక్కలేదంటే అది ఎవరి నేరం? ఫోటో బాగా వచ్చిన బిడ్డకే వైద్యం అందితే దాన్ని లాటరీ అనాలి. న్యాయం అనలేం.

మన వీధుల్లో ఇది ఎలా ఉంటుంది

కోలారు గనుల కాలనీలో, చెన్నైలోని పారిశుద్ధ్య కార్మికుల వాడల్లో, షోలాపూర్ మగ్గాల పేటలో, గంజాం తీరంలో చేపలు పట్టే మన పల్లెల్లో తరతరాలుగా తెలుగువాళ్లం ఉన్నాం. రేషన్ కార్డు ఆ రాష్ట్రానిదే, ఓటూ అక్కడిదే. కానీ ఆసుపత్రి కిటికీ దగ్గర మన తల్లి నోట మాట రాదు. డాక్టరు తమిళంలోనో మరాఠీలోనో ఒడియాలోనో చెప్పేది సగమే అర్థమవుతుంది. షంట్ అంటే ఏమిటో తెలియకుండానే సంతకం పెట్టి వస్తుంది. యానాంవాళ్ల కష్టం ఇంకో రకం. కాకినాడ పక్కనే ఉంటుంది, కానీ అది వేరే రాష్ట్రం. సొంత ప్రభుత్వపు పెద్దాసుపత్రి పుదుచ్చేరిలో, వందల కిలోమీటర్ల అవతల. షంట్ మూసుకుపోయిన బిడ్డకు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు.

ప్రభుత్వాలు ఏమీ ఇవ్వలేదని చెప్పడం కూడా సోమరితనమే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించి ఉచితంగా వైద్యం చేయించాలి. వెన్నెముక, మెదడు నాళం సరిగా మూసుకోని లోపం దాని జాబితాలో మొదటి వరుసలోనే ఉంది. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాదిలోపు జబ్బుపడ్డ శిశువుకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత వైద్యం, ఉచిత వాహనం ఇవ్వాలి. ఆయుష్మాన్ భారత్ కార్డు, రాష్ట్రాల ఆరోగ్య బీమా కార్డులు ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నిర్ణీత శాతం వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. ఆ కాగితం చదివి, ఆ తల్లి పక్కన నిలబడి, "మాకు ఇది రావాలి" అని గట్టిగా అడిగే మనిషే లేడు. ఆ మనిషిని సంఘం పంపాలి.

ఇలాంటి బిడ్డలు బతికి ఏం సాధిస్తారని మెల్లగా అనేవాళ్లూ మన మధ్య ఉన్నారు. వాళ్లకు చెబుతున్నాం: సకాలంలో వైద్యం, తర్వాత కంటికి రెప్పలా కనిపెట్టుకోవడం దొరికిన పిల్లలు అనేకులు బడికి వెళ్తున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. వెళ్లలేని బిడ్డ విలువ కూడా ఒక్క పిసరు తగ్గదు. దేవుని స్వరూపం ఐక్యూ పరీక్ష రాసి సంపాదించుకునేది కాదు.

చేయవలసిన పని

ఆ దారిన పోయిన సమరయుడి కథ మనకు కంఠతా వచ్చు. ఆయన గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు. అది వైద్యం. తన వాహనం మీద ఎక్కించాడు. అది అంబులెన్స్. పూటకూళ్ల ఇంటికి చేర్చి రెండు దేనారాలు ఇచ్చాడు. అది బిల్లు. మనం అక్కడితో కథ ముగించి కానుక పట్టేస్తాం. కానీ ఆయన ఇంకా ఎక్కువ ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ చివరి మాటే షంట్ వేయించుకున్న బిడ్డకు ప్రాణం.

కాబట్టి ప్రతి సంఘ యువజన కూటమినీ ఈ పనులు అడుగుతున్నాం.

ఒక టేపు కొనండి. పుట్టినప్పుడు బిడ్డ తల సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకు దాదాపు 2 సెంటీమీటర్లు పెరిగి, ఏడాదికి 46 దగ్గరికి వస్తుంది. అంతకు మించి దూసుకుపోతుంటే, మాడు ఉబ్బి గట్టిగా ఉంటే, కళ్లు కిందికి వాలి పైన తెల్లగుడ్డు కనబడుతుంటే మరుసటి ఆదివారం దాకా ఆగకండి. బిడ్డను ప్రతిష్ఠకు తెచ్చిన రోజే తల కొలిచి, తల్లి కార్డులో రాయించండి.

షంట్ ఉన్న ప్రతి బిడ్డకు తెలుగులో ఒక కార్డు రాయండి. ఏ షంట్, ఎప్పుడు వేశారు, ఏ ఆసుపత్రి, ఏ నంబరు. కింద పెద్ద అక్షరాలతో: వాంతులు, తలనొప్పి, మత్తు, ఫిట్స్, మెల్లకన్ను, జ్వరం, గొట్టం వెంట ఎరుపు, వీటిలో ఏది కనబడ్డా ఆ రోజే ఆసుపత్రికి. దాని వెనకవైపు అక్కడి భాషలో, ఇంగ్లిషులో "ఈ బిడ్డకు షంట్ ఉంది" అని రాయండి. ఇది చేయడానికి డబ్బక్కర్లేదు. చదువుకున్న యవనస్థుడి ఒక సాయంత్రం చాలు.

కానుకను రెండు భాగాలు చేయండి. ఆపరేషన్‌కు ఎంత పట్టారో, అందులో కొంత రెండో ఆపరేషన్ కోసం, అర్ధరాత్రి ఆటో కోసం, కోల్పోయే కూలి కోసం పక్కన ఉంచండి. ఎవరి బండి, ఎవరి ఫోను అన్నది ముందే రాసి పెట్టుకోండి.

పెళ్లికి ముందు కాపరులు ఇచ్చే బోధలో ఒక మాట చేర్చండి. గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. అలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లికి ఎక్కువ మోతాదు ఇస్తే, మళ్ళీ అదే లోపం రావడం 72 శాతం తగ్గిందని 1991లోనే రుజువైంది. ఆ మోతాదు డాక్టరును అడిగి తీసుకోవాలి. ఆహారంలో దీన్ని కలపాలని 2023లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. మన పిండిలో, బియ్యంలో అది ఎప్పుడు అందరికీ చేరుతుందని మన ఎమ్మెల్యేలను అడుగుదాం. బీసీజీ టీకా పసిపిల్లలను టీబీ మెదడు జ్వరం నుంచి కాపాడుతుంది. అది తప్పకుండా వేయిద్దాం.

జిల్లా ఆసుపత్రి పెద్దలను కలిసి నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇక్కడ షంట్ వేస్తారా? రాత్రి మూసుకుపోతే ఎవరు చూస్తారు? రెండో ఆపరేషన్ కూడా బీమాలో వస్తుందా? తెలుగులో చెప్పేవాళ్లు ఒకరైనా ఉన్నారా? జవాబు రాకపోతే మళ్ళీ వెళ్లండి. అర్ధరాత్రి స్నేహితుడి తలుపు కొట్టినవాడి ఉపమానం ప్రభువు చెప్పింది మొహమాటపడేవాళ్ల కోసం కాదు.

ప్రార్థన వద్దంటున్నారా అని ఎవరైనా అడిగితే మా జవాబు ఇది: టేపు పట్టుకునే ప్రార్థన చేయండి, బస్సులో పక్కన కూర్చునే ప్రార్థన చేయండి, ఆ కాగితం తెలుగులోకి రాస్తూ ప్రార్థన చేయండి.

చూపు పోయిన ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తోంది. వేళ్లతో అక్షరాలు తడుముతూ చదువు నేర్చుకుంటోంది. మొన్న ఆరాధనలో పాట మొదలుకాగానే అందరికంటే ముందు లేచి నిలబడింది. ఆమె మెడ పక్కన చర్మం కింద ఆ సన్నని గొట్టం ఇంకా పనిచేస్తోంది. అది ఎప్పుడు ఆగుతుందో మనకు తెలియదు. ఆ రాత్రి ఆ తల్లి ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ఇప్పుడు ఆ కార్డు మీద రాసి ఉంది. అందులో మూడు నంబర్లున్నాయి. మూడూ మా సంఘపు యవనస్థులవే.

మీ సంఘంలో అలాంటి కార్డు ఎవరి చేతిలో ఉంది?